ఆకు వంటిల్లు... మూడు తీర్లు!

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి ఓ గ్లాసు చెరకు రసం తాగుతాం. వేసవిలో కొత్తపేట దగ్గర మామిడిపండ్లు బేరమాడతాం. ఎల్బీనగర్‌లో ఏ ఇంటికెళ్లినా, దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టిన కలబంద పలకరిస్తుంది. చెరకు, మామిడి, కలబంద... మూడూ పచ్చని మొక్కలే. ఎండనీ గాలినీ నీటినీ కలిపి తిండి వండుకునేవే. కానీ వండే తీరు మాత్రం మూడింటిదీ మూడు రకాలు! ఆ తేడాలోనే ఉంది... జొన్న చేను ఎండకు ఎందుకు ఓర్చుకుంటుందో, వరికి నీళ్లు ఎందుకంత కావాలో, తేనెలో కల్తీ ఎలా దొరికిపోతుందో చెప్పే రహస్యం.

దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు. ఎంసెట్ రోజుల నుంచి ఇప్పటి నీట్ దాకా ఎన్ని వేలమంది బైపీసీ పిల్లలు ఇక్కడి గదుల్లో కూర్చుని ‘సీ3, సీ4, క్యామ్’ అంటూ బట్టీ పట్టారో లెక్కలేదు. మార్కుల కోసం నేర్చుకున్న ఆ మూడు పేర్లూ పరీక్ష అయిపోగానే చాలామంది మర్చిపోతారు. నిజానికి అది మర్చిపోయే పాఠం కాదు. ఎందుకంటే ఆ పాఠంలోని మొక్కలన్నీ మెట్లు దిగి రోడ్డు మీదికొస్తే కళ్లెదుటే ఉంటాయి. బండి మీద, గుమ్మం మీద, కూరల గంపలో, ఆఖరికి మన కంచంలో కూడా!

తలుపు తీస్తే దొంగ... మూస్తే ఆకలి

ఆకు చేసే వంటకు ముడిసరుకు కార్బన్ డయాక్సైడ్. గాలిలో దాని వాటా దాదాపు 0.04 శాతమే. అంటే పదివేల పాళ్ల గాలిలో నాలుగు పాళ్లు. ఆ కాస్త వాయువును లోపలికి తెచ్చుకోవాలంటే ఆకు తన ఒంటి మీదున్న సన్నటి రంధ్రాలను తెరవాలి. వీటినే పత్రరంధ్రాలంటారు. చిక్కంతా ఇక్కడే. తలుపు తెరిస్తే గాలి లోపలికొస్తుంది... లోపలున్న నీరేమో ఆవిరై బయటికి పోతుంది. పోనీ నీటిని కాపాడుకుందామని తలుపు మూస్తే, తిండికి ముడిసరుకు రాదు.

మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా పక్కనున్న ప్రతి మొక్కదీ ఇదే గొడవ. దాహమా, ఆకలా? ఈ ప్రశ్నకు మొక్కలు కోట్ల ఏళ్లలో వెతుక్కున్న మూడు జవాబులే సీ3, సీ4, క్యామ్.

తడబడే వంటవాడు

మొదటిది అన్నిటికన్నా పాతది, ఎక్కువ మొక్కలు పాటించేది. వరి, గోధుమ, కంది, పెసర, వేరుశనగ, పత్తి, మామిడి, వేప, రావి, కానుగ, టమాటా, వంకాయ, పాలకూర... ఇవన్నీ సీ3 మొక్కలే. లోపలికొచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను రూబిస్కో అనే ఎంజైము నేరుగా పట్టుకుని వంటలో వేస్తుంది. అలా మొదట తయారయ్యే పదార్థంలో మూడు కార్బన్ పరమాణువులుంటాయి. అందుకే సీ3 అన్న పేరు. ఈ గుట్టు విప్పింది అమెరికాలోని బర్క్‌లీలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్‌ల బృందం. రేడియోధార్మిక కార్బన్‌ను ఆల్గే మొక్కలకు అందించి, అది ఏ పదార్థంలోంచి ఏ పదార్థంలోకి వెళ్తోందో అడుగడుగునా వెంటాడి పట్టుకున్నారు. ఆ పనికి కాల్విన్‌కు 1961లో నోబెల్ బహుమతి దక్కింది.

రూబిస్కో భూమ్మీద అత్యధికంగా ఉండే ప్రొటీన్లలో ఒకటి. కానీ పనిలో మహా నిదానం. సెకనుకు మూడు నాలుగు అణువులను పట్టుకుంటే గొప్ప. పైగా దానికో పెద్ద లోపం ఉంది. కార్బన్ డయాక్సైడ్‌కు బదులు అప్పుడప్పుడూ ఆక్సిజన్‌ను పట్టేసుకుంటుంది. మామూలు వాతావరణంలోనే సుమారు నాలుగైదుసార్లకు ఒకసారి ఈ పొరపాటు జరుగుతుంది. అలా పట్టుకున్న ప్రతిసారీ ఆ తప్పును సరిదిద్దుకోవడానికి మొక్క శక్తిని ఖర్చుపెట్టాలి, అప్పటికే సంపాదించిన కార్బన్‌లో కొంత వదులుకోవాలి. దీన్నే కాంతి శ్వాసక్రియ అంటారు. పాపం రూబిస్కోదీ తప్పు కాదు. అది పుట్టిన కాలంలో గాలిలో ఆక్సిజన్ దాదాపు లేనే లేదు. రెండింటి మధ్యా తేడా కనిపెట్టాల్సిన అవసరమే దానికి రాలేదు.

ఎండ ముదిరేకొద్దీ ఈ తడబాటు ఎక్కువవుతుంది. నీరు పోకుండా ఆకు తలుపులు మూసుకుంటుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, ఆక్సిజన్ పోగుపడుతుంది. ఇక వంటవాడు ఉప్పుకు బదులు చక్కెర డబ్బా అందుకున్నట్టే!

చెరకు చేసిన కిటుకు

ఈ నష్టాన్ని తప్పించుకునే ఉపాయం కనిపెట్టిన మొక్కల్లో మొదట బయటపడింది చెరకు. హవాయి దీవుల్లోని చెరకు పరిశోధకులకు 1950ల్లోనే ఓ వింత కనిపించింది. రేడియోధార్మిక కార్బన్ ముందుగా చేరాల్సిన మూడు కార్బన్ల పదార్థంలో కాకుండా, నాలుగు కార్బన్ల ఆమ్లాల్లో తేలింది. ఆ ఫలితాలు 1965లో అచ్చయ్యాయి. మరుసటి ఏడాదే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఓ చక్కెర సంస్థ ప్రయోగశాలలో పనిచేస్తున్న హాల్ హ్యాచ్, రోజర్ స్లాక్ దాని దారిని విడమరచి చెప్పారు. అదే సీ4 పద్ధతి.

ఇందులో వంటింట్లోకి అడ్డమైనవాళ్లనూ రానివ్వరు. బయటి గదిలో, అంటే ఆకు పైపై కణాల్లో, పెప్ కార్బాక్సిలేజ్ అనే మరో ఎంజైము కాపలా ఉంటుంది. ఆక్సిజన్‌ను అది అసలు పట్టించుకోదు. కార్బన్ డయాక్సైడ్‌నే పట్టి, నాలుగు కార్బన్ల ఆమ్లంగా మార్చి, ఈనెల చుట్టూ దండలా అమరిన లోపలి కణాలకు పంపుతుంది. అక్కడ ఆ ఆమ్లం విడిపోయి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పోగవుతుంది. ఇంకేం... లోపల కూర్చున్న రూబిస్కోకు చుట్టూ అసలు సరుకే కనిపిస్తుంది. తడబాటు దాదాపు మాయం!

దీనివల్ల ఇంకో లాభం... సరుకును ఇంత గట్టిగా లాక్కునే ఏర్పాటు ఉంది కాబట్టి తలుపును బార్లా తెరవనక్కర్లేదు. సందు చాలు. నీరు ఆదా. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న అన్నీ ఈ కోవలోవే. సాయంత్రం రోడ్ల పక్కన కాల్చే మొక్కజొన్న పొత్తులూ, పెనం మీద వేడివేడిగా దిగే జొన్నరొట్టెలూ సీ4 వంటకాలే. వినాయకచవితికి పత్రితోపాటు తెచ్చే గరికా అంతే. ఎంత తొక్కినా, ఎండలో ఎంత మాడినా ఓ వాన పడగానే గరిక లేచి కూర్చుంటుందంటే అందులో ఈ కిటుకుకూ వాటా ఉంది.

ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీద వనస్థలిపురం వైపు వెళ్తే మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. ఒకప్పుడు నిజాముల వేటస్థలం. వర్ధమాన మహావీరుడి 2500వ నిర్వాణోత్సవాల సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. అక్కడి కృష్ణజింకల ప్రధాన ఆహారం గడ్డి. మనలాంటి వేడి ప్రాంతాల బయళ్లలో పెరిగే గడ్డి జాతుల్లో అత్యధికం సీ4. ప్రపంచంలోని మొక్కల జాతుల్లో సీ4వి సుమారు 3 శాతమే. కానీ నేల మీద మొక్కలు ఏటా తయారుచేసే మొత్తం పదార్థంలో దాదాపు నాలుగోవంతు వాటివే!

రాత్రి కోత... పగలు వంట

మూడో జవాబు ఇంకా విచిత్రం. గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబందను చూడండి. మట్టి లేదు, నీళ్లు పోసేవారు లేరు. అయినా నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. ఒక్కోసారి పైకి వంపు తిరిగి పూత కూడా పూస్తుంది. దిష్టి సంగతి ఎలా ఉన్నా, దాని ఓర్పు వెనక అసలు సంగతి ఇదీ... కలబంద పగలు తలుపులు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. అప్పుడు గాలిలోని తేమ ఎక్కువ, ఆవిరయ్యేది తక్కువ. రాత్రంతా పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లో నిల్వ చేస్తుంది. తెల్లవారి ఎండ రాగానే తలుపులు బిగించి, ఆ నిల్వను తీసి వంట మొదలెడుతుంది. రాత్రే కూరలు తరిగి పెట్టుకుని పొద్దున్నే పొయ్యి వెలిగించే ఇల్లాలి పద్ధతి! దీని పేరే క్యామ్. అనాస, నాగజెముడు, రణపాల, డ్రాగన్ ఫ్రూట్ అన్నీ ఈ బాపతే.

క్యామ్ కథలో మన తెలుగునేలతో అనుబంధం ఉన్న మనిషి ఒకరున్నారు. ఆయన బెంజమిన్ హేన్. ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త. విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లాక 1793లో సామర్లకోట వృక్షోద్యానం బాధ్యతలు అందుకున్నారు. రణపాల ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా ఉంటుందనీ, మధ్యాహ్నానికి రుచీపచీ ఉండదనీ, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుందనీ హేన్ 1813లో లండన్‌లోని లినేయన్ సొసైటీకి రాశారు. 1815లో అది అచ్చయ్యింది. రాత్రి పోగైన ఆమ్లమే ఆ పులుపు, పగలు ఖర్చయిపోతే చప్పదనం. నాలుకతో ఆయన పట్టుకున్న ఈ సంగతికి పూర్తి వివరణ దొరకడానికి నూరేళ్లకు పైనే పట్టింది. రణపాల ఆకుల్లో విషపదార్థాలుంటాయి కాబట్టి ఆ ప్రయోగం మీరు చేయొద్దు!

ఇక్కడే ఓ అపోహ సంగతి కూడా చెప్పుకోవాలి. ‘ఈ మొక్క పడకగదిలో పెట్టుకోండి, రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుంది’ అని స్నేక్‌ప్లాంట్, కలబంద లాంటివాటి గురించి చెబుతుంటారు. ఇవి రాత్రి కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకునే మాట నిజమే. కానీ ఆక్సిజన్ పుట్టేది వెలుగు సాయంతో నీటి అణువు చీలినప్పుడు. వెలుగు లేనిదే ఆ పని జరగదు. కాబట్టి రాత్రిపూట ఆక్సిజన్ తయారుచేసే మొక్క ఏదీ లేదు. రావిచెట్టు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

కూరల గంపలో పరిశోధనశాల

సరూర్‌నగర్, వనస్థలిపురం రైతుబజార్లలో ఆకుకూరల వరస దగ్గర ఓ నిమిషం ఆగితే ఇంకా తమాషా. పాలకూర సీ3. పక్కనే ఉన్న తోటకూర సీ4. ఎండాకాలంలో పాలకూర దిగుబడి పడిపోతుంటే తోటకూర మాత్రం ధీమాగా పెరగడానికి ఇదీ ఓ కారణమే.

ఆ పక్కనే గంగవాయిలి కూర. పప్పులో వేస్తే చింతపండు అంతగా అక్కర్లేని కూర. ఇది మామూలుగా సీ4. కానీ నీటి ఎద్దడి వస్తే క్యామ్ పద్ధతి కూడా మొదలెడుతుంది! ఈ రెండూ ఒకే ఆకులో, ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని 2022లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ బృందం నిరూపించింది. నీళ్లు తగ్గించిన కుండీలో ఉన్న గంగవాయిలి ఆకును తెల్లవారగానే ఓసారి, సాయంత్రం ఓసారి రుచి చూడండి. పొద్దుటి పులుపు సాయంత్రానికి తగ్గుతుంది. పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రయోగం ఏ ల్యాబులో దొరుకుతుంది?

పొన్నగంటి కూరది మరో కథ. అది సీ3. కానీ దాని దగ్గరి చుట్టాల్లో నేల మీద పాకే ముళ్ల జాతి ఒకటి సీ4. ఇంకో కలుపు జాతి రెండింటికీ మధ్యరకం! ఈ సంగతి తేల్చింది మన తెలుగువాళ్లే. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ వి.ఎస్.రామదాస్ బృందం 1986లో ఈ పరిశోధనను ప్రచురించింది. సీ3 నుంచి సీ4కు మొక్కలు ఒక్క గెంతులో చేరుకోలేదు, మెట్టుమెట్టుగా మారాయి అనడానికి ఇలాంటి మధ్యరకాలే సాక్ష్యం. రామదాస్‌తో కలిసి 1970ల్లో ప్రపంచంలోని సీ4 మొక్కల జాబితాను విస్తరించిన ఎ.ఎస్.రాఘవేంద్ర ఆ తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఈ పరిశోధనను కొనసాగించారు. ఎల్బీనగర్ ఖాళీ ప్లాట్లలో విరగబూసే వయ్యారిభామ కూడా ఇలాంటి మధ్యరకం మొక్కే.

మరి అన్నీ సీ4 ఎందుకు కాలేదు?

ఇంత లాభముంటే మొక్కలన్నీ ఆ దారే పట్టాలి కదా! పట్టవు. ఎందుకంటే కాపలాదారుకు జీతమివ్వాలి. సీ4 పద్ధతిలో ప్రతి కార్బన్ డయాక్సైడ్ అణువుకూ అదనంగా శక్తి ఖర్చవుతుంది. ఎండ పుష్కలంగా ఉన్నచోట ఆ ఖర్చు లెక్కలోకి రాదు. నీడలో, చలిలో మాత్రం అది దండగే. అందుకే నీడలో మొలిచి, ఏళ్ల తరబడి ఎదగాల్సిన చెట్లలో దాదాపు అన్నీ సీ3గానే ఉండిపోయాయి. క్యామ్ మొక్కలది ఇంకో ఇబ్బంది. రాత్రి నిల్వ చేసినంతే పగటి వంట. అందుకే కలబంద, నాగజెముడు లాంటివి నిదానంగా పెరుగుతాయి.

నీటికి కరవు లేకపోతే సీ3 మొక్క ఎంత విజృంభిస్తుందో చూడాలంటే సరూర్‌నగర్ చెరువు గుర్తుచేసుకుంటే చాలు. ఆ నీటిని ఎన్నోసార్లు కమ్మేసిన గుర్రపుడెక్క సీ3 మొక్కే! కాబట్టి ఏ పద్ధతీ గొప్పదీ కాదు, తక్కువదీ కాదు. ఎక్కడున్నామన్నదే ముఖ్యం.

లెక్క కంచం దాకా వస్తే...

ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవడానికి సీ3 మొక్క సుమారు 400 నుంచి 500 గ్రాముల నీటిని ఆవిరి రూపంలో వదులుకుంటుంది. సీ4 మొక్కకు 250 నుంచి 300 గ్రాములు చాలు. క్యామ్‌కు 50 నుంచి 100 గ్రాములే. వరి నీటి దాహానికి ఇదొక్కటే కారణం కాదు. మడిలో నీరు నిలగట్టే పద్ధతీ అందుకు తోడవుతుంది. సీ4 అనగానే నీళ్లు అక్కర్లేదనీ కాదు. ఏడాది పొడవునా తడులు కోరే చెరకే అందుకు ఉదాహరణ. కానీ వాన తక్కువైన ఎర్రనేలల్లో మన తాతలు జొన్న, సజ్జ, కొర్రలనే ఎందుకు నమ్ముకున్నారో ఈ లెక్క చెబుతుంది. పేర్లు తెలియకపోయినా వాళ్లు సీ4ను ఎంచుకున్నారన్నమాట!

ముందు ముందు ఇంకో చిక్కుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. ‘తిండి పెరిగితే వరికి మంచిదేగా’ అనిపిస్తుంది. కొంతవరకూ నిజమే... సీ3 మొక్కలు అందుకుని పెరుగుతాయి. కానీ దాంతోపాటే పెరిగే వేడి ఆ లాభాన్ని మింగేస్తుంది. పైగా ఆ వాయువు 550 పాళ్లకు చేరితే గోధుమలో జింక్ సుమారు 9 శాతం, ఇనుము 5 శాతం తగ్గుతాయని పొలాల్లో చేసిన ప్రయోగాలు చెప్పాయి. 2014లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఆ అధ్యయనంలో వరిలోనూ ఈ తగ్గుదల కనిపించింది. జొన్న, మొక్కజొన్నల మీద ఆ ప్రభావం తక్కువ. అన్నమే ప్రధానమైన ఇళ్లలో, ముఖ్యంగా రక్తహీనత ఉన్న ఆడవాళ్లకూ పిల్లలకూ ఇది చిన్న విషయం కాదు.

అందుకే వరికే సీ4 కిటుకు నేర్పితే ఎలా ఉంటుందని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చొరవతో 2008 ప్రాంతంలో పెద్ద ప్రయత్నం మొదలైంది. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దానికి నాయకత్వం వహించింది. ఆకు లోపలి గదుల అమరికనే మార్చాల్సిన పని కాబట్టి ఆ వరి ఇంకా పొలందాకా రాలేదు. ఎల్బీనగర్ నుంచి ఆరాంఘర్ మీదుగా రాజేంద్రనగర్ వెళ్తే అక్కడ భారత వరి పరిశోధన సంస్థ, భారత చిరుధాన్య పరిశోధన సంస్థ రెండూ ఉన్నాయి. సీ3, సీ4 ఇరుగుపొరుగులన్నమాట! ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లో జొన్న, కొర్రల పేరు మళ్లీ ఊరూరా వినిపించింది.

అన్నం మానేయమని కాదు. వారంలో రెండు పూటలు కంచంలోకి జొన్నరొట్టె వస్తే ఒంటికీ మంచిదే, నేల కింది నీటికీ మంచిదే. మేడ మీద కుండీలు పెట్టేవాళ్లూ ఈ లెక్క వాడుకోవచ్చు. ఎండ నేరుగా పడేచోట తోటకూర, గంగవాయిలి... కాస్త నీడ ఉంటే పాలకూర, పొన్నగంటి... వేసవి సెలవుల్లో ఊరెళ్తే నీళ్లు పోసేవాళ్లు లేనిచోట కలబంద. ఎవరి వంటింటికి ఏది సరిపోతుందో ఆకులకు ఎప్పుడో తెలుసు. తెలుసుకోవాల్సింది మనమే!

తేనెలో దొరికే దొంగ

గాలిలో మామూలు కార్బన్‌తోపాటు కాస్త బరువైన కార్బన్-13 కూడా ఉంటుంది. రూబిస్కోకు బరువైనదంటే అంత ఇష్టముండదు. అందుకే సీ3 మొక్కల్లో అది తక్కువ, సీ4 మొక్కల్లో కాస్త ఎక్కువ. తేనెటీగలు వాలే పూలలో ఎక్కువ భాగం సీ3 మొక్కలవే. తేనెలో చెరకు పాకమో, మొక్కజొన్న సిరపో కలిపితే కార్బన్-13 పెరిగి దొంగ దొరికిపోతాడు. తేనెలో సీ4 చక్కెర 7 శాతం మించకూడదని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం కూడా పెట్టింది. కల్తీదారులు ఊరుకుంటారా? వరి నుంచి తీసిన సిరప్ కలపడం మొదలెట్టారు. వరి సీ3 కాబట్టి ఈ పరీక్షకు దొరకదు! దాన్ని పట్టడానికి వేరే పరీక్షలు వచ్చాయి. అదే పద్ధతిలో ఎముకల్లోని కార్బన్‌ను చూసి, వేల ఏళ్ల కిందటి మనుషులు ఎక్కువగా తిన్నది వరి, గోధుమల్లాంటివా లేక చిరుధాన్యాలా అన్నది కూడా పురావస్తు శాస్త్రవేత్తలు చెప్పగలుగుతున్నారు.